ఓపికకు వడ్డీ ఎవరు కడతారు?

షేర్ల గురించి మన దగ్గర ఎవరు మాట్లాడినా వినిపించేది ఒకటే మంత్రం: కొను, పట్టుకో, కదలకు. షేరు పడిందా, ఓపిక పట్టు. ఇంకా పడిందా, ఇంకొన్ని కొని ఏవరేజ్ చెయ్యి. సగానికి సగం పోయిందా, అమ్మితేనే కదా నష్టం, అమ్మనంతవరకూ అది కాగితం మీది లెక్కే. విసిగిపోయి ఎవరైనా కంపెనీని నాలుగు మాటలంటే, ‘మీలాంటి వాళ్లకు మార్కెట్ పనికిరాదండీ, బ్యాంకులో వేసుకోండి’ అని చిన్నబుచ్చుతారు. టీవీలో కూర్చున్న నిపుణుడి దగ్గర్నుంచి పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్న బాబాయి దాకా అందరిదీ ఇదే మాట. టెక్నాలజీ షేర్ల దగ్గరికొచ్చేసరికి ఇది మరీ ముదిరింది. ‘ఇది రేపటి వ్యాపారం, ఇవాళ్టి లెక్కలతో కొలవకూడదు’ అనే తోక ఒకటి దానికి చేరింది.

ఈ సిద్ధాంతాన్ని నేను ఒప్పుకోను. పడిపోతున్న టెక్నాలజీ షేరు చేతిలో పెట్టుకున్నవాడి విసుగులో తొమ్మిది పాళ్లు న్యాయం ఉంది. ఆ విసుగు నోరు నొక్కే ఓపిక ఉపదేశంతో బాగుపడేవాళ్లు ఉన్నారు, కానీ ఆ ఉపదేశం విన్నవాళ్లు మాత్రం ఆ జాబితాలో అరుదు.

ఊరికే అనడం ఎందుకు, పేటీఎం సంగతే తీసుకుందాం. ఆ యాప్ నడిపే వన్97 కమ్యూనికేషన్స్ 2021 నవంబరులో పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. ఇష్యూ ధర 2,150 రూపాయలు. మొత్తం 18,300 కోట్లు. అప్పటికి మన దేశంలో అంత పెద్ద ఇష్యూ లేదు. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో కంపెనీ నష్టం 1,701 కోట్లు. ఇంకా కొంతకాలం నష్టాలే వస్తాయనీ, లాభాల్లోకి వస్తామో రామో చెప్పలేమనీ ఆఫర్ పత్రంలో కంపెనీ తనే రాసుకుంది. అయినా చిన్న మదుపరుల వాటాకు ఒకటిన్నర రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. నవంబరు 18న షేరు 1,950 దగ్గర లిస్టయింది. సాయంత్రానికి 27 శాతం పోగొట్టుకుని 1,560 దగ్గర నిలిచింది.

ఆ రోజు నుంచే ఓపిక పురాణం మొదలైంది. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. పదేళ్ల దృష్టితో చూడాలి. మార్కెట్‌కు ఇంకా ఈ వ్యాపారం అర్థం కాలేదు. మక్వారీ అనే బ్రోకరేజీ సంస్థ అదే రోజు ఈ షేరు విలువ 1,200 మించదని రాస్తే, దాన్ని పట్టించుకోవద్దన్నవాళ్లే ఎక్కువ.

పదేళ్ల దృష్టి మంచిదే. కానీ ఆ ఇష్యూలో వచ్చిన 18,300 కోట్లలో కంపెనీ ఖజానాకు చేరింది 8,300 కోట్లే. మిగిలిన 10,000 కోట్లు ఆఫర్ ఫర్ సేల్. అంటే పాత వాటాదారులు తమ వాటాలు అమ్ముకుని తీసుకెళ్లిన సొమ్ము. ఆ అమ్మినవాళ్లు ఎవరు? చైనాకు చెందిన యాంట్ సంస్థ, జపాన్ సాఫ్ట్‌బ్యాంక్, ఇంకా తొలిరోజుల్లో డబ్బు పెట్టిన ఫండ్లు. వ్యవస్థాపకుడు విజయ్ శేఖర్ శర్మ కూడా 400 కోట్ల పైచిలుకు విలువైన వాటా అమ్మారు. కంపెనీ గురించి బయటివాళ్ల కంటే నాలుగింతలు ఎక్కువ తెలిసినవాళ్లు 2,150కి అమ్మారు. ఏమీ తెలియనివాళ్లు 2,150కి కొన్నారు. తర్వాత ఓపిక పట్టాల్సిందెవరంటే ఆ రెండో జట్టే. అమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను. వాటా వాళ్లది, చట్టం ఒప్పుకుంది, ధర బాగుంది, అమ్ముకున్నారు. నా పేచీ, అమ్మినవాడి తెలివిని ‘వ్యూహం’ అనీ, కొని ఇరుక్కున్నవాడి బాధను ‘అసహనం’ అనీ పిలిచే పక్షపాతంతో.

ఇంకో ముచ్చట. 2022 డిసెంబరులో కంపెనీ 850 కోట్లతో బైబ్యాక్ ప్రకటించింది. ఒక్కో షేరుకు గరిష్ఠంగా 810 రూపాయలు. ఏడాది కిందట 2,150కి అమ్మిన వాటాను 810 దాటకుండా తిరిగి కొనుక్కోవడమన్నమాట. పేటీఎం షేర్లలో అందరికంటే చక్కగా వ్యాపారం చేసింది పేటీఎమ్మేనని అప్పుడు నవ్వుకోవాల్సి వచ్చింది.

ఇక ‘అమ్మితేనే నష్టం’ అనే మాట. ఇంతకంటే హాయిగా నిద్రపుచ్చే అబద్ధం మార్కెట్లో మరొకటి లేదు. ఒక్క లాట్ లెక్క వేసి చూడండి. పేటీఎం లాట్ అంటే ఆరు షేర్లు, 12,900 రూపాయలు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాడు మొదటిసారి డీమ్యాట్ ఖాతా తెరిచి, ఫోనులో యూపీఐ మాండేట్‌కు ఒప్పుకున్న మొత్తం అది. 2024 మేలో షేరు 310 దాకా పడింది. ఆ ఆరు షేర్ల విలువ అప్పుడు 1,860. తన ఫోనులో ఎర్ర రంగులో కనిపిస్తున్న ఆ అంకెను కుర్రాడు ‘నష్టం కాదు’ అనుకోవాలట! ఆ డబ్బుతో పెళ్లికి ఉంగరం కొనబోతే కంసాలి 12,900 లెక్కగడతాడా, 1,860 లెక్కగడతాడా? ఇవాళ మార్కెట్ ఇచ్చేదే విలువ. మీరు ఎంతకు కొన్నారో షేరుకు తెలియదు, తెలిసినా దానికి అక్కర్లేదు.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. 2,150 నుంచి 310కి రావడానికి దాదాపు 86 శాతం పడితే చాలు. అక్కడి నుంచి మళ్లీ 2,150కి చేరాలంటే దాదాపు ఏడింతలు పెరగాలి. ఎక్కిన మెట్లే దిగినట్టు, దిగిన మెట్లే ఎక్కొచ్చని ఓపికవాదులు అనుకుంటారు. శాతాల లెక్క వాళ్ల మాట వినదు.

సరే, ఎక్కిందనుకుందాం. నిజంగానే కొంత ఎక్కింది కూడా. 2025 చివరికి పేటీఎం 1,300 అటూఇటూ ఆడింది. మన కుర్రాడి ఆరు షేర్లు 7,800 దగ్గరికి వచ్చాయి. ఆ 12,900ను అదే నవంబరులో బ్యాంకులో 6 శాతం వడ్డీకి వేసి ఉంటే నాలుగేళ్లకు 16,286 అయ్యేది. అదే కాలంలో సెన్సెక్స్ సుమారు 60 వేల నుంచి 85 వేలకు పెరిగింది. ఒక ఇండెక్స్ ఫండులో పడేసి మర్చిపోయినా 18 వేలు దాటేది. అంటే రేపు షేరు 2,150కి చేరి, ‘చూశావా, నీ డబ్బు నీకొచ్చింది’ అని ఎవరైనా భుజం తట్టినా, అతనికి రావలసింది రానట్టే. పోయిన ఆ నాలుగేళ్లకు వడ్డీ ఎవరూ కట్టరు. ధరలు పెరిగి రూపాయి చిక్కిపోయిన సంగతి దీనికి అదనం.

ఇక్కడ ఓపికవాదులు గొంతు సవరించుకుంటారు. ‘పేటీఎం సరైన ఉదాహరణ కాదండీ, అది నష్టాల కంపెనీ. మంచి కంపెనీ అయితే కాలమే న్యాయం చేస్తుంది’ అంటారు. మంచి కంపెనీనే చూద్దాం. ఇంటర్నెట్ నడవడానికి కావలసిన రౌటర్లు, స్విచ్‌లు తయారుచేసే అమెరికన్ కంపెనీ సిస్కో. 2000 మార్చిలో మైక్రోసాఫ్ట్‌ను కూడా దాటి ప్రపంచంలోకెల్లా ఎక్కువ మార్కెట్ విలువ ఉన్న కంపెనీ అయింది. మోసం లేదు, దివాలా లేదు, వ్యాపారం ఆగలేదు. ఆ ఏడాది 1,890 కోట్ల డాలర్లున్న వార్షిక ఆదాయం 2025 నాటికి 5,600 కోట్ల డాలర్లు దాటింది, అంటే మూడింతలు. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేస్తుందని అప్పుడు చెప్పిన జోస్యం అక్షరాలా నిజమైంది. మరి షేరు? 2000 మార్చి నాటి 80 డాలర్ల గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2025 డిసెంబరులో. పాతికేళ్లు! ఆ రోజు కొన్నవాడి కూతురు పుట్టి, చదువు ముగించి, ఉద్యోగంలో చేరేంత కాలం. మధ్యలో 2011 నుంచి డివిడెండ్లు వచ్చాయి, నిజమే. పాతికేళ్ల ఓపికకు అది సరిపడా జీతమో కాదో ఎవరి లెక్క వాళ్లు వేసుకోవచ్చు.

సిస్కో చెప్పేది ఇంతే: కంపెనీ మంచిదవడం వేరు, మీరు ఇచ్చిన ధర మంచిదవడం వేరు. ధర తప్పయితే ఆ తప్పును కాలం దిద్దదు, మీ జీవితంలోంచి కొన్ని ఏళ్లు తీసుకుని చెల్లు వేస్తుంది. ఓపిక ఉపదేశంలో ధర ఊసే ఉండదు. కొన్నాక ఎలా ఉండాలో గంటలు గంటలు చెప్పేవాళ్లు, ఎంతకు కొనాలో అరనిమిషం చెప్పరు.

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అని సామెత చెప్పేవాళ్లూ ఉన్నారు. బురద కిందికి దిగాక నీరు తేటబడుతుంది, ఒప్పుకుంటాను. అది చెరువైతే. మురుగుకాలువ పక్కన కడవ పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి కూడా కడవలో పడేది మురుగే. ముందు అది చెరువో కాలువో చూడాలి కదా. ఆ చూడటాన్నే వీళ్లు అసహనం అంటున్నారు.

పేటీఎం విషయంలో చూడగలిగినవన్నీ బహిరంగంగానే ఉన్నాయి. యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదని 2020 జనవరి నుంచే నియమం. అంటే కోట్లమంది రోజూ వాడే సేవకు నేరుగా వచ్చే రాబడి దాదాపు సున్నా. పైగా ఆ యూపీఐలో ఫోన్‌పే, గూగుల్ పే ముందున్నాయి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు పేటీఎం పేమెంట్స్ బ్యాంకును కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆపింది. ‘తాత్కాలికం’ అన్నారు. 2023 అక్టోబరులో అదే బ్యాంకుకు ఖాతాదారుల గుర్తింపు నిబంధనలు పాటించలేదని 5.39 కోట్ల జరిమానా పడింది. ‘అంత పెద్ద కంపెనీకి ఇదో లెక్కా’ అన్నారు. డిసెంబరులో 50 వేల లోపు చిన్న రుణాలు తగ్గించుకుంటామని కంపెనీ చెప్పగానే షేరు ఒక్కరోజులో దాదాపు ఐదోవంతు పోయింది. ‘కొనడానికి అవకాశం’ అన్నారు.

2024 జనవరి 31 సాయంత్రం రిజర్వు బ్యాంకు ఆ పేమెంట్స్ బ్యాంకులో కొత్త డిపాజిట్లు, వాలెట్ టాప్‌అప్‌లు నిలిపివేయమంది. ఆ రోజు షేరు ముగిసింది 761 దగ్గర. మర్నాడు పొద్దున మార్కెట్ తెరుచుకోగానే లోయర్ సర్క్యూట్, 609. ఆ తర్వాతి రోజు మళ్లీ లోయర్ సర్క్యూట్, 487. లోయర్ సర్క్యూట్ అంటే ఏమిటో అనుభవించినవాళ్లకు తెలుసు. తెర మీద అమ్మేవాళ్ల వరుసలో లక్షల షేర్లు, కొనేవాళ్ల గడిలో సున్నా. అమ్మకం ఆర్డరు పెడతారు, అది ‘పెండింగ్’ అని చూపిస్తూ మూడున్నర దాకా అలాగే ఉంటుంది, తర్వాత రద్దవుతుంది. రెండేళ్లపాటు ఓపిక పట్టమని చెప్పించుకున్నవాడు ఇక చాలనుకున్న రోజున తలుపు బయటి నుంచి గడియ వేసి ఉంది. శుక్రవారం తర్వాత ఎక్స్ఛేంజీలు ఒక్కరోజులో పడగలిగే పరిమితిని 10 శాతానికి తగ్గించాయి, సోమవారం ఆ పది కూడా పోయి 438కి వచ్చింది.

ఇప్పుడు వారెన్ బఫెట్ సంగతి. ఓపిక గురించి ఉపన్యాసం ఇచ్చే ప్రతివాడి నోటా ఆయన పేరే. పేటీఎంలో ఆయన కంపెనీ బెర్క్‌షైర్ హాత్‌వే 2018లోనే డబ్బు పెట్టింది. ఇష్యూ అప్పుడు ‘బఫెట్టే పెట్టాడు, మనకేం’ అని ధైర్యం చెప్పుకున్నవాళ్లు బోలెడుమంది. అదే బెర్క్‌షైర్ 2023 నవంబరులో మిగిలిన వాటానంతా షేరు 877 రూపాయల దగ్గర అమ్మేసి, నష్టానికే, బయటపడింది. రిజర్వు బ్యాంకు ఆదేశం వచ్చింది రెండు నెలల పైచిలుకు తర్వాత. ఆయనకు ముందే తెలుసని నేను అనడం లేదు. ఆయన పేరు చెప్పి మనల్ని కూర్చోబెట్టినవాళ్లు, ఆయన లేచి వెళ్లిపోయిన సంగతి మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. సాఫ్ట్‌బ్యాంక్ 2024 మధ్యకల్లా పూర్తిగా వెళ్లిపోయింది. యాంట్ 2025 ఆగస్టులో ఆఖరి షేరు అమ్ముకుంది.

‘మరి జొమాటో?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, ఓపికవాదుల చేతిలో ఉన్న బలమైన ముక్క కూడా అదే. 2021 జూలైలో 76 రూపాయలకు వచ్చి, ఏడాదికి 40 దగ్గరికి పడి, 2024 చివరికల్లా 280 దాటింది. అప్పుడు భయపడి అమ్మినవాళ్లు ఇప్పటికీ చేతులు పిసుక్కుంటున్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు ఇష్యూలనూ పక్కపక్కన పెట్టండి. జొమాటో సమీకరించిన 9,375 కోట్లలో 9,000 కోట్లు కంపెనీ ఖజానాకే వెళ్లాయి. పాత వాటాదారుల్లో ఇన్ఫో ఎడ్జ్ ఒక్కటే 375 కోట్లకు అమ్మింది. చేతిలోని ఆ డబ్బుతోనే జొమాటో కష్టకాలం గట్టెక్కింది. అదొక్కటే కారణమని అంటే అబద్ధమవుతుంది. కానీ 40 రూపాయల దగ్గర జొమాటోను పట్టుకుని ఉన్నవాళ్లలో తెలిసి పట్టుకున్నవాడు ఇలాంటి ప్రశ్నలు వేసుకుని పట్టుకున్నాడు. మిగతావాళ్లది అదృష్టం. ఆ అదృష్టాన్ని తీసుకొచ్చి పేటీఎం వాడికి నీతిగా చెప్పడమే అన్యాయం.

గెలిచినవాళ్ల పేర్లే గుర్తుంటాయన్నది ఈ వాదంలో పెద్ద లొసుగు. 1993లో ఇన్ఫోసిస్ 95 రూపాయలకు ఇష్యూ తెస్తే పూర్తిగా అమ్ముడుపోలేదు, అప్పుడు కొని దాచుకున్నవాళ్లు కోటీశ్వరులయ్యారు అన్న కథ ఇప్పటికీ మూడు తరాలకు చెబుతున్నారు. అదే దశాబ్దం చివర్లో ఇన్ఫోసిస్‌తో సమానంగా మారుమోగిన పెంటామీడియా గ్రాఫిక్స్, డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, సిల్వర్‌లైన్ టెక్నాలజీస్ పేర్లు ఈ తరంలో ఎందరికి తెలుసు? వాటి ధరలను ఆడించిన బ్రోకరు కేతన్ పరేఖ్ కుంభకోణం 2001లో బద్దలయ్యాక వాటిని ఓపికగా పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఏ పెళ్లిలోనూ కథ చెప్పరు. చెప్పడానికేముంది?

ఇటువైపు కోపంతో రగిలిపోయేవాళ్లు చెప్పేదంతా సరైనదనీ నేను అనను. షేరు పడగానే ‘ఆపరేటర్ల ఆట’, ‘ఎఫ్ఐఐల కుట్ర’ అనేవాళ్లున్నారు. ఇది ఓపిక సిద్ధాంతానికే కవలపిల్ల. ఎవరో కావాలని పడేశారు కనుక, వాళ్లు ఆపగానే లేస్తుంది కనుక పట్టుకుని కూర్చోవాలి. చివరికి తేలేది అదే సలహా. కుట్రల గురించి ఇంతకంటే చెప్పడం దండగ.

విసుగు ఏం చేయగలదో చూడాలంటే మన హైదరాబాదుకే రావాలి. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను కొనాలని. మొత్తం 160 కోట్ల డాలర్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో సొంతవాళ్ల స్థలాల కంపెనీలు కొనడమన్నమాట. బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లు, పారిశ్రామిక మేధావులు ఉన్నారు. అదే ఏడాది కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం అందుకున్న కంపెనీ అది. ‘పెద్దలు ఆలోచించే చేసి ఉంటారు, దీర్ఘకాలంలో మంచిదే’ అనడానికి అన్ని హంగులూ ఉన్నాయి.

వాటాదారులు అనలేదు. ఫోన్ కాన్ఫరెన్సులోనే ఫండ్ మేనేజర్లు నిలదీశారు. న్యూయార్క్‌లో ట్రేడయ్యే సత్యం షేరు (ఏడీఆర్) ఒక్కరోజులో సగానికి పైగా పడింది. తెల్లవారేలోపు ఆ ఒప్పందం రద్దయింది. అప్పుడు కూడా కొందరు ‘మార్కెట్‌ది తొందరపాటు’ అన్నారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. మేటాస్ ఒప్పందం, ఆ లేని డబ్బు స్థానంలో నిజమైన ఆస్తులు చూపించడానికి చేసిన ఆఖరి ప్రయత్నమని ఆయనే ఆ లేఖలో రాశారు.

ఈ క్రమాన్ని ఒక్కసారి మనసులో నిలుపుకోండి. ఆడిటర్లు కనిపెట్టలేదు. బోర్డు కనిపెట్టలేదు. నియంత్రణ సంస్థ కనిపెట్టలేదు. వాటాదారుల ఆ ఒక్కరాత్రి అసహనం ఆ ఒప్పందానికి అడ్డం తిరిగింది, దాంతో లోపలున్నది దాచడానికి చోటు లేకపోయింది. వాళ్లు ఓపిక పట్టి ఉంటే సత్యం లెక్కల్లోని గాలి మేటాస్ భూముల లెక్కల్లో కలిసిపోయి, ఇంకెన్నాళ్లు నడిచేదో. నష్టం జరగలేదని కాదు. లేఖ వచ్చిన రోజు షేరు 179 నుంచి 40 లోపుకు పడింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58 రూపాయల ధరకు కంపెనీని చేజిక్కించుకుంది. కానీ యాభై వేలకు పైగా ఉద్యోగుల కొలువు నిలిచే ఒక దారి మిగిలింది. అది ఓపిక ఇచ్చిన దారి కాదు.

పేటీఎంలో ఇది చిన్న మోతాదులో జరిగింది. 2022 ఆగస్టు వార్షిక సమావేశానికి ముందు ఎలా ఓటెయ్యాలో వాటాదారులకు చెప్పే ప్రాక్సీ సలహా సంస్థలు విజయ్ శేఖర్ శర్మ పునర్నియామకం మీదా, ఆయన పారితోషికం మీదా అభ్యంతరాలు లేవనెత్తాయి. ఓట్లు లెక్కపెడితే పునర్నియామకానికి 99 శాతానికి పైగా అనుకూలం. బాగుంది. 2025 మేలో, ఆయనకు కేటాయించిన 2.1 కోట్ల ఉద్యోగ స్టాక్ ఆప్షన్లు రద్దయి, మూడేళ్లపాటు ఏ లిస్టెడ్ కంపెనీ నుంచీ కొత్త ఆప్షన్లు తీసుకోకూడదన్న షరతుతో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీతో రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా. అంత ఏకగ్రీవంగా ఓపిక పట్టిన ఆ వాటాదారులు ఈ పారితోషికం గురించి మూడేళ్లు ముందే గట్టిగా అడిగి ఉంటే? చిన్న వాటాదారుకు కూడా ఈ-ఓటింగ్ మెయిల్ వస్తుంది. దాన్ని ప్రమోషన్ల గడిలోంచి తీసి తెరిచేవాళ్లు ఎందరో మనకు తెలియంది కాదు. షేరు పడిందని అర్ధరాత్రి దాకా నిద్రపోనివాడు కూడా ఓటు వెయ్యడు. ఓపిక పట్టడం అలవాటు చేస్తే జరిగేది ఇదే. నోరు మూసుకోవడమే వాటాదారు ధర్మమని నమ్మేస్తాడు.

కోలుకోవడం గురించి కూడా నిజం చెప్పుకోవాలి. పేటీఎం 310 నుంచి లేచిందంటే వాటాదారులు తపస్సు చేసినందుకు కాదు. ఇతర బ్యాంకులతో కలిసి యూపీఐ నడిపేందుకు 2024 మార్చిలో అనుమతి దొరికింది. సినిమా టికెట్ల వ్యాపారాన్ని జొమాటోకు 2,048 కోట్లకు అమ్మేసింది. ఖర్చులు, సిబ్బంది తగ్గించుకుంది. 2025 ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో 122 కోట్ల లాభం చూపించింది. కంపెనీ యాజమాన్యానికి ఈ పనులన్నీ చేయక తప్పని పరిస్థితి తెచ్చింది పడిపోయిన షేరు ధరా, రిజర్వు బ్యాంకు దెబ్బా. పొగడ్తలతో ఎవరూ ఖర్చులు తగ్గించుకోరు.

ఇంకో వర్గం గురించి చెప్పకుండా ముగించలేను. మాదాపూర్, గచ్చిబౌలి, బెంగళూరు, అమెరికాలో ఫీనిక్స్, పోర్ట్‌లాండ్, బే ఏరియా. ఇక్కడున్న మన తెలుగు ఇంజినీర్లలో ఎందరికో జీతంలో ఒక భాగం సొంత కంపెనీ షేర్లుగా వస్తుంది. ‘నీ కంపెనీ మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా?’ అని అమ్మనివ్వరు, ఒక్కోసారి వాళ్లంతట వాళ్లే అమ్ముకోరు. 2024 ఆగస్టు 1న ఇంటెల్ ఒకే ప్రకటనలో రెండు మాటలు చెప్పింది. దాదాపు 15 వేల ఉద్యోగాలు తీసేస్తాం. 1992 నుంచి ఇస్తూ వచ్చిన డివిడెండ్ ఆపేస్తాం. మర్నాడు షేరు 26 శాతం పడింది. జీతం, పొదుపు, వాటి మీద వచ్చే రాబడి మూడూ ఒకే చోట నుంచి వస్తున్నవాడికి ఆ ఇరవైనాలుగు గంటల్లో మూడూ కదిలాయి. 2025లో ఇంటెల్ షేరు బాగానే కోలుకుంది, ఓపికవాదులు అది చూపించి మీసం మెలేస్తారు. ఉద్యోగం పోయి, వీసా గడువు లెక్కపెట్టుకుంటూ, ఇంటి వాయిదా కోసం అడుగున అమ్ముకున్నవాడికి ఆ కోలుకోవడం ఏం చేసుకోవడానికి? ఓపిక అందరికీ ఒకే ధరకు దొరకదు. నెలనెలా జీతం వచ్చేవాడికి చవక, రానివాడికి ఖరీదు. బఫెట్‌కు ఇంకా చవక, ఆయనకు ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు తెచ్చిపెడుతూనే ఉంటాయి.

కాబట్టి పడిపోయిన షేరు పట్టుకుని విసిగినవాడు, తనను కూర్చోమంటున్నవాడిని అడగాల్సింది చాలా చిన్న ప్రశ్న. ఇవాళ్టి ధరకు, ఇవాళ తెలిసిన సంగతులతో, మీ సొంత డబ్బుతో మీరు ఈ షేరు కొంటారా? ఎంత కొన్నారు? సెబీ 2014లో తెచ్చిన రీసెర్చ్ అనలిస్టుల నిబంధనల ప్రకారం, ఒక షేరు గురించి సలహా ఇచ్చేవాడు అందులో తనకు ఆర్థిక ప్రయోజనం ఉంటే బయటపెట్టాలి. టీవీలో అది సెకనులో సగం కనిపించి మాయమయ్యే చిన్న అక్షరాల వరుస. దాన్ని పెద్ద అక్షరాల్లో, కనీసం ‘హోల్డ్’ అనే మాట ఉన్నంతసేపూ, తెర మీద ఉంచమనండి. పెళ్లి భోజనాల దగ్గర బాబాయికి సెబీ నిబంధనలు వర్తించవు కానీ, ఆయన్నీ అడగొచ్చు. ‘పేటీఎం మీ దగ్గర ఎన్ని ఉన్నాయి బాబాయ్?’